పని చేసుకుంటూ దేవుడి పాట వింటే తప్పా?

ఈసారి పాఠకుల ప్రశ్నల్లో చాలా వాటి సారాంశం ఒకటే: చర్చిలో పాడే పాటల్ని బయట మామూలు పనుల మధ్య వాడుకోవచ్చా, వాడుకుంటే దేవుణ్ణి చులకన చేసినట్టా? అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో.

ప్రశ్న: అక్కా, నేను ఇంట్లో పని మొదలుపెట్టగానే ఆరాధన పాటలు పెట్టుకుంటాను. అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ వింటాను. నిజం చెప్పాలంటే సగం సేపు అసలు వినను కూడా, అది అలా మోగుతూనే ఉంటుంది. మా అత్తగారు "దేవుడి పాట వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చుని వినాలి, లేకపోతే ఆపెయ్యాలి, నువ్వు దేవుణ్ణి రేడియో చేసేశావు" అంటున్నారు. ఇది నిజంగా అగౌరవమేనా?

జవాబు: కాదమ్మా. కానీ మీ అత్తగారి మాటను చాదస్తం అని కొట్టిపారెయ్యకండి, ఆవిడ వైపు బైబిల్లో గట్టి ఆధారమే ఉంది.

నిర్గమకాండం 30వ అధ్యాయం తీసి చూడండి. ప్రత్యక్షపు గుడారంలో (ఆలయం కట్టక ముందు ఇశ్రాయేలీయులు ఆరాధన చేసిన డేరా) వేసే ధూపద్రవ్యం ఎలా కలపాలో దేవుడు మోషేకు చెప్పి, చివర్లో ఒక షరతు పెడతాడు. అదే పాళ్ళలో కలిపి, సొంతంగా వాసన చూసుకోవడానికి ఎవడైనా చేసుకుంటే వాణ్ణి ప్రజల్లోంచి కొట్టివేయాలి. అభిషేక తైలం విషయంలోనూ అంతే. దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలో బెల్షస్సరు రాజు విందు చేసుకుంటూ, యెరూషలేము ఆలయం నుంచి పట్టుకొచ్చిన పాత్రలు తెప్పించి వాటిలో ద్రాక్షారసం తాగాడు. గోడ మీద రాత కనిపించింది, ఆ రాత్రే అతని కథ ముగిసింది. దేవుడి కోసం వేరుగా ఉంచినదాన్ని మన సరదాకి వాడుకోకూడదనే ఆలోచన మీ అత్తగారు కొత్తగా కనిపెట్టింది కాదు.

అయితే ధూపం గుడారం దాటి రాకూడదని చెప్పిన బైబిల్, పాట గురించి ఎక్కడా ఆ మాట చెప్పదు. "ఎవనికైనను సంతోషము కలిగెనా? అతడు కీర్తనలు పాడవలెను" అని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది, సంతోషం కలిగినప్పుడు ఆలయానికి వెళ్ళి మరీ పాడాలని అందులో లేదు. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో కీర్తనలతో, సంగీతాలతో ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమన్న పౌలు, వెంటనే తర్వాతి వచనంలో మాటలో గానీ పనిలో గానీ ఏం చేసినా ప్రభువు పేరట చెయ్యమంటాడు. పాటా పనీ ఆ రెండు వచనాల్లో పక్కపక్కనే కూర్చున్నాయి.

తొలినాటి క్రైస్తవులు దీన్ని అలాగే అర్థం చేసుకున్నారు. 4వ శతాబ్దం చివర్లో బైబిల్ పండితుడు జెరోమ్‌తో పాటు బేత్లెహేములో స్థిరపడిన పౌలా అనే భక్తురాలు, ఆమె కూతురు యూస్టోకియమ్ పేర్ల మీద రోములో ఉన్న స్నేహితురాలు మార్సెల్లాకు వెళ్ళిన ఉత్తరం ఒకటుంది. ఇక్కడ నాగలి పట్టినవాడు హల్లెలూయ పాడుతుంటాడు, కోత కోసేవాడు చెమటలు కక్కుతూ కీర్తనలు పాడతాడు, ద్రాక్షతీగలు కత్తిరించేవాడు దావీదు పాట అందుకుంటాడు అని అందులో మురిసిపోతూ రాశారు. ఆ రోజుల్లోనే యోహాను క్రిసోస్తోమ్ అనే బోధకుడు తన ప్రసంగంలో, మీ భార్యాపిల్లలకు కీర్తనలు నేర్పండి, మగ్గం దగ్గరా ఇతర పనుల్లోనూ పాడించండి, ముఖ్యంగా భోజనాల దగ్గర పాడించండి అని చెప్పాడు. చర్చి సంగీతం దగ్గర మహా కఠినంగా ఉన్న ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కూడా (ఆరాధనలో వాద్యాలే వద్దన్న మనిషి) 1543లో కీర్తనల పుస్తకానికి రాసిన ముందుమాటలో, ఇళ్ళలోనూ పొలాల్లోనూ ఈ పాటలు పాడుకోమన్నాడు. మీరు అంట్లు తోముతూ పాడుకుంటే ఆ వరసలో మీరూ ఉన్నట్టే.

ఇక "సగం సేపు వినను" అన్నారు చూడండి, నాకు అక్కడే కాస్త అనుమానం. పాటల మీద దేవుడికి కోపం వచ్చిన సందర్భాలు బైబిల్లో ఉన్నాయి. ఆమోసు 5వ అధ్యాయంలో మీ పాటల ధ్వని నా దగ్గర్నుంచి తీసెయ్యండి, మీ వాద్యాలు నేను వినను అంటాడు. యెహెజ్కేలు 33వ అధ్యాయంలో ప్రవక్తతో ఏమంటాడంటే, వీళ్ళకి నువ్వు మంచి గొంతుతో ప్రేమపాట పాడేవాడిలా కనిపిస్తున్నావు, వింటారు గానీ విన్నది చెయ్యరు అని. గమనించారా, ఈ తిట్లు తిన్నవాళ్ళెవరూ పని చేసుకుంటూ పాడినవాళ్ళు కాదు. పండగ రోజున, ఆరాధన స్థలంలో, పద్ధతిగా పాడినవాళ్ళు, ప్రవక్త ముందు బుద్ధిగా కూర్చుని విన్నవాళ్ళు. బయట న్యాయాన్ని తొక్కేస్తూ లోపల చక్కగా పాడారు కాబట్టి తిట్లు పడ్డాయి. చేతులు కట్టుకున్నంత మాత్రాన పాట పవిత్రం అయిపోదు, చేతికి సబ్బు అంటినంత మాత్రాన అపవిత్రమూ అవదు.

అయినా ఒక్క మాట. రోజంతా అలా మోగుతూ ఉంటే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అది చెవి స్వభావం. ఆ తర్వాత ఆదివారం ఆరాధనలో అదే పాట వచ్చినప్పుడు కూడా మీకు అది ఫ్యాన్ చప్పుడులాగే అనిపిస్తే నష్టం మీకే. కాబట్టి వింటున్నంత సేపే పెట్టుకోండి, ధ్యాస పోయిందనిపిస్తే ఆపెయ్యండి. ఇంకో సంగతి, అత్తగారు ఇంట్లో ఉన్నప్పుడు మానెయ్యడమో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడమో చెయ్యండి. తిండి విషయంలో, దినాల విషయంలో ఒకరి మనస్సాక్షిని ఇంకొకరు గౌరవించాలని రోమా పత్రిక 14వ అధ్యాయం నిండా పౌలు చెప్పిందే ఇక్కడికీ వర్తిస్తుంది. ఆవిడకి అది ప్రార్థన, ఆవిడ ప్రార్థన మధ్యలో మీరు గిన్నెలు మోగిస్తున్నట్టు ఆవిడకి అనిపిస్తుంది మరి.

ప్రశ్న: మేడమ్, నేను క్రైస్తవుణ్ణి కాను, అసలు ఏ మతం మీదా పెద్దగా నమ్మకం లేదు. కానీ జర్మన్ సంగీతకారుడు బాఖ్ ఆరాధన మాటలకు కట్టిన బి మైనర్ మాస్ అంటే ప్రాణం, ప్రయాణాల్లో ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటాను. ఒక క్రైస్తవ మిత్రుడు "నమ్మకం లేకుండా ఆరాధన సంగీతం వినడం దొంగతనం లాంటిది" అన్నాడు. నాకు కొంచెం గిల్టీగా ఉంది. ఏమంటారు?

జవాబు: దొంగతనం అనడం అతి. కానీ మీ మిత్రుడు లేపిన గొడవ చాలా పాతది, దాని కథ చెప్తాను.

హాండెల్ అనే సంగీతకారుడు క్రీస్తు మీద కట్టిన మెస్సయ్య అనే పెద్ద గానకృతిని మొదట 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో ఒక సంగీతశాలలో పాడారు. మాటలన్నీ బైబిల్‌లోవే, పాడిన చోటు మాత్రం చర్చి కాదు. ఆ ఊరి సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్‌కు డీన్‌గా (అధిపతిగా) ఉన్న జొనాథన్ స్విఫ్ట్ (అవును, గలివర్ యాత్రలు రాసిన ఆ స్విఫ్టే) తన గాయకులు అలాంటి చోటికి వెళ్ళి పాడడానికి అడ్డుపడ్డాడు, చివరికి పంపాడనుకోండి. ఆ కచేరీ డబ్బు అప్పులు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ళకి, ఆస్పత్రులకి వెళ్ళింది, 142 మంది ఖైదీలు విడుదలయ్యారు. మరుసటి సంవత్సరం లండన్‌లో నాటకశాలలో పెట్టేసరికి గొడవ పెద్దదైంది. నాటకాలాడే చోట, నటులు, దేవుడి వాక్యాన్ని పాడడమేమిటని పత్రికకు ఉత్తరం వచ్చింది. హాండెల్ అప్పటికే జాగ్రత్తపడి, ప్రకటనల్లో మెస్సయ్య అనే పేరే లేకుండా కొత్త పవిత్ర ఒరటోరియో (నటన లేకుండా పాడే పెద్ద గానకృతి) అని మాత్రం వేయించాడు. 1750 నుంచి అనాథ పిల్లల ఆస్పత్రి చాపెల్‌లో, వాళ్ళ సహాయార్థం పాడడం మొదలయ్యాక విమర్శలు సద్దుమణిగాయి.

పూర్తిగా ఆగలేదు లెండి. 1784, 85 సంవత్సరాల్లో జాన్ న్యూటన్ అనే బోధకుడు మెస్సయ్యలో ఉన్న వచనాల మీదే వరసగా 50 ప్రసంగాలు చేశాడు. ఆయన బాధ ఇది: రాజద్రోహం నేరం మీద పట్టుబడ్డ ఖైదీలు తమ నేరాన్నీ, తమకు పడబోయే శిక్షనూ రాగం కట్టించుకుని వింటూ కాలక్షేపం చేస్తే ఎలా ఉంటుందో, ఈ శ్రోతలు అలా ఉన్నారు అని. పోలిక పదునైనదే, కాదనను. కానీ చరిత్ర కొంచెం కొంటెది. ఈ న్యూటనే అమేజింగ్ గ్రేస్ రాసినాయన. ఆయన దాన్ని 1773 కొత్త సంవత్సరం నాటి కూడిక కోసం రాశాడు. ఇప్పుడు మనకు తెలిసిన రాగం దానికి 1835లో గానీ కుదరలేదు. 1972లో ఒక సైనిక దళం వాళ్ళు బ్యాగ్‌పైపుల మీద వాయిస్తే బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది, అందులో ఆయన రాసిన మాట ఒక్కటీ లేదు. ఆయన వినుంటే ఇంకో 50 ప్రసంగాలు చేసేవాడేమో.

రాగాలకి అసలు మతం ఉండదని చెప్పడానికి ఉదాహరణలు బోలెడు. క్రీస్తు శ్రమల మీద బాఖ్ కట్టిన మత్తయి పాషన్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ముళ్ళకిరీటం పాట రాగం, హాన్స్ లియో హాస్లర్ 1601లో అచ్చువేసిన ప్రేమపాట రాగం. బాఖ్ 1734లో చేసిన క్రిస్మస్ ఒరటోరియోలో చాలా భాగాలు అంతకుముందు జర్మనీలోని సాక్సనీ రాజకుటుంబం పుట్టినరోజుల కోసం కట్టినవి. రాణిగారి పుట్టినరోజు భేరీలే క్రీస్తు పుట్టుకకు మోగాయి. లౌకికం నుంచి పవిత్రానికి అంత హాయిగా వచ్చిన సంగీతం, చర్చి గుమ్మం దాటి మీ చెవిలోకి వస్తే మలినమైపోతుందని నేను అనుకోను.

మీకింకో ఊరట. రాగానికి పడిపోయి మాటను వదిలేసే జబ్బు నమ్మకం లేనివాళ్ళకే వచ్చేది కాదు. అగస్టీన్ అనే బిషప్ 400 ప్రాంతంలో రాసుకున్న ఆత్మకథ 10వ భాగంలో, పాడిన విషయం కన్నా పాడిన తీరే నన్ను ఎక్కువ కదిలించినప్పుడల్లా నేను పాపం చేసినట్టే, అలాంటప్పుడు ఆ గాయకుణ్ణి వినకపోయినా బాగుండేదనిపిస్తుంది అన్నాడు. అలాగని పాటలు తీసెయ్యమనలేదు. పాట విని ఏడ్చిన రోజులు గుర్తున్నాయి కాబట్టి ఉండనివ్వమన్నాడు. బిషప్పే అటూ ఇటూ ఊగిసలాడితే మీకెందుకండీ గిల్ట్?

నేను కోరేది ఒక్కటే. ఆ మాస్‌లో లాటిన్, గ్రీకు మాటలకు అర్థం ఒకసారి కూర్చుని చదవండి. మొదటి భాగమంతా ఎవరో దయ చూపమని వేడుకోవడమే. ఆ వేడుకోలు మీది కానక్కర్లేదు, అది వేడుకోలు అని తెలిసి వింటే చాలు. కాథలిక్ చర్చి కూడా 1987లో చర్చిల్లో కచేరీల గురించి రాసిన లేఖలో, ఆరాధనలో ఇప్పుడు ఇమడని పాత పవిత్ర సంగీతాన్ని కచేరీగా వినిపించడానికి ఒప్పుకుంది. చర్చిలో పెడితే ప్రవేశానికి డబ్బు తీసుకోవద్దని మాత్రం చెప్పింది.

ప్రశ్న: నేను క్వాయర్‌లో పాడతాను. ప్రాక్టీసులో "ప్రభువా కనికరించు" అనే ఒక్క లైనునే పదే పదే పాడిస్తారు, మధ్యలో శ్రుతి తప్పితే నవ్వుకుంటాం, ఆపుతాం, మళ్ళీ అందుకుంటాం. దేవుడి నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ మీరుతున్నామా?

జవాబు: లేదు తల్లీ. 1 దినవృత్తాంతాలు 25వ అధ్యాయంలో ఆలయంలో పాడడానికి శిక్షణ పొందినవాళ్ళ లెక్క కూడా ఉంది, 288 మంది. శిక్షణ అంటే తప్పు పాడడం, ఆగడం, మళ్ళీ పాడడమేగా, మరి వాళ్ళు మాత్రం మొదటిసారికే సరిగ్గా పాడి ఉంటారా? శ్రుతి తప్పితే నవ్వొస్తుంది, నవ్వండి. ఆ లైను అర్థం మీద జోకులు మొదలైతే మాత్రం పెద్దవాళ్ళెవరో ఒకరు ఆపాలి. ప్రాక్టీసు మొదట్లో చిన్న ప్రార్థన చేసుకునే అలవాటు చాలా క్వాయర్లకి ఉంటుంది, మీకు లేకపోతే మొదలుపెట్టండి, టెన్షన్ సగం అక్కడే పోతుంది.

ప్రశ్న: నిద్ర పట్టక గ్రెగోరియన్ చాంట్ (కాథలిక్ సన్యాసులు పాడే పాత లాటిన్ ప్రార్థన గానం) పెట్టుకుని పడుకుంటున్నాను. సన్యాసుల ప్రార్థనని నిద్రమాత్ర చేసుకున్నానా అనిపిస్తోంది.

జవాబు: చేసుకున్నారు, అయినా ఫర్వాలేదు. 1 సమూయేలు 16వ అధ్యాయంలో దావీదు సితారా వాయించింది ఆరాధన కోసం కాదు, సౌలుకి నెమ్మది కలగడానికి. మనసు కుదుటపడడానికి సంగీతం వాడుకోవడం అంత పాతది. 1994లో స్పెయిన్‌లోని సిలోస్ మఠం సన్యాసులు పాడిన పాత రికార్డింగులు చాంట్ అనే పేరుతో మళ్ళీ వచ్చి అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో 3వ స్థానం దాకా వెళ్ళాయి. ఒత్తిడి తగ్గిస్తుందనే ప్రచారమే వాటిని అంతగా అమ్మింది. ఆ సన్యాసులు మాత్రం ఎప్పట్లాగే రోజూ వేళ ప్రకారం కీర్తనలు పాడుకుంటూనే ఉన్నారు.

1963లో కాథలిక్ బిషప్పుల సభ అయిన రెండో వాటికన్ కౌన్సిల్ ఆరాధన గురించి ఇచ్చిన పత్రంలో ఒక మంచి సూత్రం ఉంది, సంగీతం ఆరాధన క్రియతో ఎంత దగ్గరగా ముడిపడితే అంత పవిత్రం అని. ఈ లెక్కన పవిత్రత డబ్బాలో పోసి మూత పెట్టిన సరుకు కాదు, ఆ క్రియతో ఉన్న ముడిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మీ దిండు పక్కన మోగేటప్పుడు అది మఠంలో ఉన్నంత పవిత్రంగా ఉండదు, అంతే. ఎవరికీ అపచారం జరగలేదు. ఇంకా మనసు ఒప్పుకోకపోతే పడుకునే ముందు ఒక కీర్తన చదివి పెట్టుకోండి. 4వ కీర్తన చివర్లో నెమ్మదిగా పడుకుని నిద్రపోతాననే మాటే ఉంది.

ప్రశ్న: మా ఆయన ఫోన్‌కి "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అనే పాట రింగ్‌టోన్‌గా పెట్టుకున్నారు. మీటింగుల్లో కూడా మోగుతుంది. నాకు నచ్చట్లేదు, ఆయన "ఇది సాక్ష్యం" అంటారు. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఈసారి ప్రశ్నల్లో నేను గట్టిగా వద్దనేది ఈ ఒక్కటే. పాపం అనను, నాకు అంత అధికారం లేదు. కానీ రింగ్‌టోన్ పనేమిటి? మోగగానే నొక్కి ఆపించుకోవడం. ఆ మాటలు యెషయా 6వ అధ్యాయంలో సెరాపులు అనే దేవదూతలు ముఖాలు కప్పుకుని ఒకరితో ఒకరు అన్న మాటలు, అవి విన్న ప్రవక్త "అయ్యో, నేను నశించితిని" అన్నాడు. మీ ఆయన వాటిని విని "హలో, చెప్పండి" అంటున్నారు. రెండో "పరిశుద్ధుడు" సగంలో తెగిపోతుంది, జేబులో ఫోన్ దొరక్కపోతే అందరూ ఆయన వైపు చిరాగ్గా చూస్తారు. దీన్ని సాక్ష్యం అనడం కష్టం. ప్రేమ లేకపోతే నేను "మ్రోగెడు కంచును గణగణలాడు తాళము" అని పౌలు అన్నది గుర్తొస్తుంది నాకు.

పాశ్చాత్య కాథలిక్ ఆరాధనలో లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) రోజులు మొదలైనప్పటి నుంచి ఈస్టర్ జాగరణ దాకా అల్లెలూయ అసలు పాడరు. అంత ఇష్టమైన మాటను కూడా అన్ని రోజులు దాచిపెడతారు. కొన్ని మాటలకి సమయం ఉంటుందని ఒప్పుకోవడమూ గౌరవమే. మీ ఆయనకి ఆ పాట అంత ఇష్టమైతే పొద్దున్నే మొత్తం పాడుకోమనండి, రింగ్‌టోన్‌కి మాటల్లేని మామూలు గంట చాలు. మీరు మాత్రం దీనికోసం రోజూ పోట్లాడకండి.

ప్రశ్న: స్నానం చేస్తూ కీర్తనలు పాడొచ్చా? చిన్న ప్రశ్నే, కానీ మా ఇంట్లో పెద్ద చర్చ అయింది.

జవాబు: పాడండి. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిని, కాళ్ళకు బొండ (కొయ్య సంకెల) వేసి బిగించి ఉండగా అర్ధరాత్రి పాడారు, తోటి ఖైదీలు విన్నారు. మీ బాత్రూమ్ అంతకన్నా శుభ్రంగానే ఉంటుంది కదా. బయట ఎవరైనా స్నానం కోసం ఎదురుచూస్తుంటే మాత్రం రెండు చరణాలతో ముగించండి.